దొరకని నాడి

భాగ్యలక్ష్మి సిస్టర్‌కు మనిషి చెయ్యి చిక్కితే నిండా నిమిషం గడిచేదాకా విడవదు. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, చూపు గోడ గడియారానికి అప్పగించి, పెదాలు కదుపుతూ నాడి లెక్కపెడుతుంది. ఆ నిమిషంలో, బోధన్‌లోని ఆ చిన్న ఆస్పత్రిలో, డాక్టర్ కూడా దగ్గడు.

కొత్తగా చేరిన నర్సు సుష్మకు ఇది చాదస్తంగా తోచింది. పదిహేను సెకండ్లు చూసి నాలుగుతో గుణిస్తే చాలదా అని అడిగింది.

“గుండె పదిహేను సెకండ్లే కొట్టుకొని, మిగిలింది గుణించుకుంటదా?” అంది సిస్టర్.

వేలికి తొడిగే మిషన్ తెప్పించారు. సిస్టర్ ముందు మిషన్‌తో చూసి, తర్వాత చేత్తో చూసి, మిషన్ సరిగ్గానే చెప్పిందని మెచ్చుకునేది.

ఓసారి ఇద్దరూ కోటగిరిలో పెళ్లికి పోయారు. సిస్టర్ అక్షింతలు వేసి పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుంది. వెనక వరుస ఆగింది. పంతులు మంత్రం ఆపాడు.

“నూట పద్దెనిమిది. పిలగానికి మంచినీళ్లియ్యిండ్రి” అని చెప్పి దిగి వచ్చింది.

వానాకాలంలో హన్మవ్వ అనే బీడీలు చుట్టే ముసలమ్మ జ్వరంతో చేరింది. జ్వరం తగ్గింది గానీ మంచం దిగదు, ముద్ద ముట్టదు. భర్త ముత్తన్న పోయి రెండు నెలలు. సిస్టర్ ఆమె నాడి పట్టింది. ఒక నిమిషం, రెండు, మూడు. సుష్మ వేలి మిషన్ తెచ్చి పట్టుకుంది.

“సరిగ దొరుకుతలేదవ్వా. ఇంటికి పోయి రెండు పూటల తిను, తినకుంటే అసలే దొరకది. రేపు పొద్దుగాల మల్ల రా” అంది సిస్టర్.

హన్మవ్వ మంచం దిగింది. తన నాడి అందరికీ దొరికే రకం కాదని వరండాలో ప్రతి ఒక్కరికీ చెప్పుకుంటూ పోయింది.

సిస్టర్ రిజిస్టర్‌లో డెబ్భై నాలుగు అని రాసింది. సుష్మ నోరు తెరిచింది.

“ఖాలీ ఇల్లు. ఒక్కదానికి వండుకోబుద్ది అయితలేదట. ఊకె రమ్మంటే వస్తదా?” అంది సిస్టర్, తలెత్తకుండా.

హన్మవ్వ రోజూ తిని, తల దువ్వుకొని వచ్చేది. ఒకనాడు సిస్టర్ సెలవు పెట్టింది. హన్మవ్వ సుష్మ ముందు కూర్చుని చెయ్యి చాపింది. వేలు పెట్టగానే నాడి టకటకా తగిలింది. సుష్మ గడియారం చూస్తూ నిండా మూడు నిమిషాలు పట్టుకుంది.

“దొరుకుతలేదవ్వా.”

“సిస్టరమ్మకే దొరకలే, నీకెట్ల దొరుకుతది బిడ్డా” అని జాలిపడి, హన్మవ్వ రెండో చెయ్యి కూడా ఇచ్చింది.