పెన్ను ఇటివ్వు తమ్ముడూ

మంగళవారం పొద్దున అజ్మాన్ నుంచి దుబాయ్‌లోని జెబెల్ అలీ వెళ్ళే కంపెనీ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. అక్క పోయిందని వాళ్ళాయన చెప్పాడు. గుండెపోటట. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట తట్టింది అక్క గురించి కాదు. ఎల్లుండి బడిలో మీటింగుకు నా పక్కన ఎవరు కూర్చుంటారు?

అక్క నా తోడబుట్టింది కాదు. ఆమెది గోదావరి జిల్లా, మాది జగిత్యాల దగ్గర పల్లె. పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాక, మా పాపలాంటి పిల్లల తరఫున బడివాళ్ళతో మాట్లాడటమే పనిగా పెట్టుకుంది. పాపకు మాటలు తక్కువ, చప్పుడంటే భయం. పక్కన కూర్చుని చెప్పే మనిషి ఉంటే మాత్రం అన్నీ నేర్చుకుంటుంది.

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది, బడి మేడం ఒక కాగితం ముందు పెడితే సంతకం చేసి, నకలు తీసుకుని వచ్చాను. పాపను మా అంతట మేమే బడి మానిపిస్తున్నామని అందులో ఉందట. పక్కింటివాళ్ళు చదివి చెప్పేదాకా తెలియలేదు. ఏళ్ళ తరబడి లేబర్ క్యాంపుల్లో బతికినవాడిని. ముదీర్, అదే మేనేజరు, వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టడమే తప్ప, చదవడం మాకెక్కడ అలవాటు? ఎవరో అక్క పేరు చెబితే ఆ కాగితం పట్టుకుని పరుగెత్తాను.

"చదివావా?" అంది.

"లేదక్కా. మేడం పెట్టుమన్నది, పెట్టిన."

"అయ్యో ప్రభువా! బిడ్డ చదువయ్యా ఇది, గేటుపాసు కాదు!"

నేను గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. "కూర్చో తమ్ముడూ, కుర్చీలో ముళ్ళేం లేవు" అని, అప్పటికప్పుడే బడికి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. ఆ రోజే మా పని ఆమె చేతిలో పెట్టాం.

ప్రతి మీటింగుకూ ముందు బడి గేటు దగ్గర అరచెయ్యి చాపేది. "పెన్ను ఇటివ్వు తమ్ముడూ." నా జేబులోని పెన్ను పాపకిచ్చేది. దాన్ని అక్క చేతిసంచిలో వేసి జిప్పు లాగడం పాప పని. "పెన్ను లేనోడు తొందరపడడు" అనేది. పాపను కూడా గదిలోనే కూర్చోబెట్టేది. ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషి ఎదురుగా ఉంటే మాట మెత్తబడుతుందట.

నాకేమో ఒళ్ళు మండేది. ఒకసారి బల్ల గుద్ది లేచాను. అక్క నా చొక్కా పట్టుకు లాగింది. "నువ్వు గెలవడానికొచ్చావా, పిల్ల చదవడానికొచ్చిందా?"

మూడు మీటింగుల తర్వాత ఆ కాగితం రద్దయింది. పాప పక్కన ఒక టీచర్‌ను కూర్చోబెట్టారు. అది ఏటా మళ్ళీ తేలాల్సిన విషయం. ఈ ఏటిది గురువారం.

వెళ్ళాం, నేనూ పాపా. మేడం నవ్వుతూ కాగితం జరిపింది. "బస్, ఏక్ సైన్. ఖలాస్." పాడు అలవాటు, నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పెన్ను బయటికి తీశాను.

పక్కనుంచి పాప అరచెయ్యి చాపింది. అచ్చం అక్కలాగే.

పెన్ను ఆ చేతిలో పెట్టేశాను. "ఘర్ మే పఢ్ కే దేంగే, మేడం" అని, ఇంట్లో చదివి ఇస్తామన్నాను.

పక్క టీచర్‌ను తీసేస్తామని ఆ కాగితంలో ఉంది. సంతకం లేకుండానే తిప్పి పంపి, మళ్ళీ మీటింగు అడిగాను. ఎటు తేలుతుందో తెలియదు, కాలు ఒకచోట నిలవడం లేదు. బస్సులో కూడా లేచి నిలబడుతున్నాను. అక్క ఉంటే కూర్చోమని కసిరేది.

ఆ రోజు బయటికి వచ్చాక పాప పెన్ను నాకివ్వలేదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయే ఆడవాళ్ళ చేతిసంచులన్నీ ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయింది.