నాయిన గాంధారం

మా నాయిన హార్మోనియం తప్పు పలుకుతున్నదని మొదట చెప్పింది నేనే. ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను.

అప్పుడు నేను రామన్నపేటలో ఒక సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. కొత్త జిల్లాలు ఏర్పడి మా మండలం నల్లగొండ నుంచి విడిపోయిన కొత్త రోజులు. ఎవరైనా ఏ జిల్లా అని అడిగితే మేము మాత్రం నల్లగొండ అనే అనేవాళ్లం. నాయినకు మూడెకరాల పత్తి చేను. శనివారం సాయంత్రం హనుమంతుడి గుడిలో భజన. ఆ హార్మోనియం ఆయన గురువు ఇచ్చింది. గురువు యక్షగాన మేళంలో వాయించేవాడు. కాలం చేసే ముందు దాని రీడ్లన్నీ, లోపల పలికే ఇత్తడి రేకులన్నీ, తన చేతులతో గీకి, శృతి కలిపి, నాయిన ఒళ్లో పెట్టాడు.

నాకు పాట రాదు. చిన్నప్పుడు భజనలో గొంతు కలిపితే నాయిన మెల్లగా వంగి, "బిడ్డా, నువ్వు చప్పట్లు కొట్టు" అనేవాడు. కసురుకునేవాడు కాదు, అయినా నాకు అర్థమయ్యేది. పాట అనేది నాకు తలుపు మూసిన ఇల్లు. పెద్దయ్యాక బడిలో ధ్వని పాఠం చెబుతున్నప్పుడు ఆ ఇంటికి ఇంకో దారి ఉన్నట్టు తోచింది. గాలి సెకనుకు ఎన్నిసార్లు ఊగితే అన్ని హెర్ట్జ్‌లు. ఎక్కువ ఊగితే పై స్వరం, తక్కువ ఊగితే కింది స్వరం. చెవికి దొరకనిది అంకెకు దొరుకుతుంది కదా!

ఫోనులో శృతి చూపించే యాప్ ఒకటి దొరికింది. స్వరం సరిగ్గా ఉంటే ముల్లు నడుమ నిలబడి పచ్చగా మారుతుంది. తప్పితే ఎర్రగా అవుతుంది. ఒక ఆదివారం పొద్దున నాయినతో మెట్లు ఒక్కొక్కటే నొక్కించి నోట్‌బుక్కులో రాసుకున్నాను. సా 260, గ 325, ప 390. ముల్లు ప్రతిసారీ ఎడమకు వాలి ఎర్రగానే ఉంది. సా 262 దగ్గర, గ 330 దగ్గర, ప 392 దగ్గర ఉండాలంటున్నది ఫోను.

"నాయినా, నీ పెట్టె దిగిపోయింది. అన్ని మెట్లూ తప్పే. గాంధారమైతే మరీ."

"ముప్పై ఏండ్ల సంది గిట్లనే పాడుతున్న గదనే."

"ముప్పై ఏండ్లు తప్పే పాడినవ్."

ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నాయిన కాసేపు ఫోను వైపు చూశాడు. "నువ్వు సదువుకున్నదానివి. నీకు తెల్వదా? నువ్వు జెప్పినట్లే కానియ్" అన్నాడు.

నల్లగొండలో గడియారం సెంటరు వెనక ఒకాయన హార్మోనియంలు బాగుచేస్తాడు. బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుని పోయాం. ఆయన రెండు మెట్లు కలిపి నొక్కి, పెట్టెకు చెవి ఆనించి విన్నాడు. మళ్లీ నొక్కాడు. "ఎవరు కలిపిండ్రో గాని మంచిగ కలిపిండ్రు. గిప్పుడు ఎవరికి కలపాలె? ఈ పెద్దమనిషి గొంతుకా, ఫోనుకా?"

"ఫోనుకే" అన్నాను.

"రీడు గీకినంక మల్ల అతకదమ్మా. జర ఆలోచన చేసి చెప్పు."

ఆలోచించలేదు. వారం తర్వాత పెట్టె ఇంటికి వచ్చింది. ఏ మెట్టు నొక్కినా ముల్లు నడుమ నిలబడి పచ్చగా మెరిసింది. నాకెంత సంతోషమో! ఆ రోజు నాయిన మొహం చూడాలని కూడా తోచలేదు.

శనివారం భజనలో నాయిన ఒక చరణం ఎత్తుకుని, గాంధారం మీదికి వెళ్లగానే ఆగిపోయాడు. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగిపోయాడు. మద్దెల వాయించే ఆయన చెయ్యి గాల్లో ఉండిపోయింది. నాకు ఏ తేడా వినిపించలేదు. పెట్టె ఎప్పటిలాగే పలుకుతున్నట్టుంది, నాయిన మాత్రం ఎందుకో పాడలేకపోతున్నాడు.

"ఏమైంది నాయినా?"

"గాంధారం ముల్లు లెక్క గుచ్చుతాంది. నేనొక దిక్కు, పెట్టె ఒక దిక్కు పోతున్నం."

అప్పుడే మా వరుసకు పెద్దమ్మ అయ్యే ఒకామె, నాయిన ప మెట్టునే తన సాగా పెట్టుకుని ఐదు శృతిలో పాడే ఆమె, పాట అందుకుంది. పూర్తిగా పాడి, పెట్టె మీద చెయ్యి వేసి, "ఇన్నేండ్ల సంది నేను పాడేటప్పుడు రిషభం కలువకపోతుండె. నా గొంతే గట్లున్నదనుకున్న. గిప్పుడు కలిసింది బిడ్డా" అంది.

ఒకే పెట్టె, ఒకే రోజు. ఒకరికి చెడింది, ఒకరికి బాగైంది.

మర్నాడు పాత నోట్‌బుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. 325ను 260తో భాగించాను. ఒకటింపావు. ఇంత కూడా అటూ ఇటూ లేదు. 390ని 260తో భాగిస్తే ఒకటిన్నర. సా, గ, ప మూడూ నాలుగు, ఐదు, ఆరు లెక్కన ముగ్గురు అన్నదమ్ముల్లా నిలబడ్డాయి. బడి ప్రయోగశాలలోని శృతిదండాలు గుర్తొచ్చి సోమవారం వెళ్లి వాటి మీద చెక్కిన అంకెలు చదివాను. 256, 320, 384. అవీ నాలుగు, ఐదు, ఆరే! ఫోను చెప్పిన 330ని 262తో భాగిస్తే మాత్రం ఒకటింపావు కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. ఏ మెట్టును సా చేసుకున్నా అందరికీ ఒకేలా పనికిరావాలని ఫోను లెక్కలో పన్నెండు మెట్లనూ సమానంగా పంచుతారట. అందుకోసం ప్రతి గాంధారాన్నీ కొంచెం పైకి జరుపుతారు. గురువు మాత్రం నాయిన ఒక్కడి సాను పట్టుకుని కలిపాడు. లెక్క తెలియకుండా, చెవితో.

సాయంత్రం చేను నుంచి వచ్చిన నాయినకు మంచినీళ్లిచ్చి చెప్పాను. "నీ గాంధారం తప్పు కాదు నాయినా. నాదే తప్పు."

"మరి ఫోను అబద్ధమాడిందా?"

"లేదు. అది కూడా నిజమే."

"మీ పెద్దమ్మ?"

"ఆమెదీ నిజమే."

"గట్లెట్ల? సా అంటే ఎంతనే అసలు?"

టీచరును నేను. అంకెలు వేళ్ల మీద లెక్కపెట్టాను. బడి దండం 256 అంటుంది, ఫోను 262 అంటుంది, పాత పెట్టె 260 అనేది. సా ఎంతైనా కావచ్చు, దాని నుంచి మిగతావి ఎంత దూరమో అదే ముఖ్యమని చెప్పబోయాను. ఆ దూరం కూడా ఇద్దరికి రెండు రకాలుగా ఉంది కదా. సగంలో ఆపేశాను. నాయిన నవ్వాడు. "పరేశాన్ గాకు" అన్నాడు.

మళ్లీ నల్లగొండకు పోయి, గీకిన రీడ్లు తీయించి కొత్తవి వేయించి పాత శృతికి కలిపిద్దామన్నాను. నాయిన ఒప్పుకోలేదు. "ఆమె ఇన్నేండ్లు కిమ్మనకుంట ఓర్చుకుని పాడింది. మల్ల ఆమెది చెడగొడ్తమా?" అన్నాడు. ఆ తర్వాతి శనివారం నుంచి ఆయన ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. గాంధారం వచ్చే చోట ఆ మెట్టు నొక్కడు. సా, ప మాత్రం పట్టి ఉంచి, గాంధారాన్ని గొంతుతోనే పలుకుతాడు. మొదట్లో తడబడ్డాడు. నెల తిరిగేసరికి వేళ్లు అలవాటు పడ్డాయి.

ఒకసారి ఆ గొంతును కూడా ఫోనుకు వినిపించాను. ముల్లు నిలబడనే లేదు. 324, 329, 326... గాలిపటంలా ఊగింది.

"నాయినా, ఎక్కడ ఆగుతున్నవ్?"

"ఆగుత లేను. ఆడికి పోయి వస్తున్న."

నాకు అర్థం కాలేదు. ఎక్కడికి? ఆ చోటు అంకె ఎంత? మళ్లీ పాడించాను, మళ్లీ వేరే అంకెలు. నాలుగోసారి ఫోను పక్కన పెట్టి కళ్లు మూసుకుని విన్నాను. తేడా తెలిసినట్టే అనిపించింది. నిజంగా తెలిసిందో, తెలియాలని అంతగా కోరుకోవడం వల్ల అనిపించిందో చెప్పలేను.

ఆ ఏడు తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం ఒకరోజు ఎక్కువే పట్టింది. సా శృతిదండం మోగించి, చిన్న హార్మోనియం ఒకటి తెప్పించి దాని సాతో రెండూ కలిపి వినిపించాను. శబ్దం వణుకుతూ ఎక్కుతూ దిగుతూ వచ్చింది. వెనక బెంచీ అమ్మాయి ఒకతి లేచి, "టీచర్, రెండిట్ల ఏది కరెక్టు?" అంది. నల్లబల్ల మీద 256, 262 అని రెండు అంకెలూ రాశాను. సుద్దముక్క చేతిలోనే ఉంది, దేని కింద గీత గీయాలో తెలియక అలాగే నిలబడ్డాను. గంట కొట్టారు. పిల్లలు రెండు అంకెలనూ రాసుకుని వెళ్లిపోయారు.