బిడ్డ కింద పరిచిన పాత చీర

పురిటికి గుడివాడలోని పుట్టింటికి వచ్చినప్పుడు, బిడ్డ కింద పరచడానికి పాత నేతచీర ఒకటి పంపమని బందరులో ఉన్న మా అత్తగారికి కబురు చేశాను. పురుడయ్యాక ఆవిడ గంజి పెట్టిన కొత్త తెల్లగుడ్డ తెచ్చారు.

"పాతవి పెడితే మా పరువేం కానమ్మా?" అన్నారు.

ఎంత ఉతికినా ఆ గుడ్డ మెత్తబడలేదు. పిల్ల తొడలు ఒరుసుకుపోయి, ఒకటే ఏడుపు. చివరికి మా అమ్మ తనకున్న రెండు చీరల్లో వెలిసిన తెల్లచీరను చింపి పరిచింది.

బారసాలనాడు అత్తగారు పిల్ల కింది ఆ చీరముక్కను వేళ్లతో నలిపి చూశారు.

"చూశారా వదినగారూ, నేను తెచ్చిన గుడ్డ ఎంత మెత్తగా ఉందో!"

"అవునండీ" అంది అమ్మ.

మిగిలిన ఆ ఒక్క చీరనే ఉతికి కట్టుకుంది అమ్మ. దాని కుచ్చిళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.