మూడు ముళ్ళతో వచ్చిన డాక్టరమ్మ

ఎంబీబీఎస్ చదివింది నేనే. హౌస్ సర్జన్సీ చేసిందీ నేనే. అయినా అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో తెలుగువాళ్ళు నన్ను "డాక్టరమ్మగారూ" అని పిలిచింది మాత్రం మా ఆయన డాక్టరు కాబట్టి. కరణంగారి భార్య కరణమ్మ, కలెక్టరుగారి భార్య కలెక్టరమ్మ అయినట్టే నేనూ అయిపోయాను. పరీక్షలు రాయక్కర్లేదు, మూడు ముళ్ళు పడితే చాలు. అలాగే డాక్టరమ్మ అయిన ఇంకొకావిడకు థర్మామీటరు చూసి జ్వరం ఎంతుందో చెప్పడం కూడా రాదు. పిక్నిక్కుల్లో మేమిద్దరం పక్కపక్కన నిలబడి పులిహోర కలిపేవాళ్ళం.

విదేశీ డాక్టర్లకు ఇక్కడ పెట్టే పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పాను. మూడోసారి రాసి వచ్చాను. ఇదీ పోతే పుస్తకాలన్నీ బేస్‌మెంట్‌లో పడేసి మళ్ళీ ముట్టుకోనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. పిల్లలిద్దరినీ స్కూల్ బస్ ఎక్కించి, అది తిరిగొచ్చేలోపు డైనింగ్ టేబుల్ మీద చదివిన చదువు అది. "ఎందుకీ తాపత్రయం? నీకేం తక్కువైందిప్పుడు?" అనేవారు మా ఆయన. చెడ్డమనిషి కాదు, నిజంగానే తెలియక అడిగేవారు. చెబుదామని నోరు తెరిస్తే నాకే ఏడుపొచ్చేది.

ఆ వేసవిలోనే ఇంగ్లండు యువరాజు పెళ్ళి. భర్తతో పదేళ్ళు లండన్‌లో ఉండి వచ్చిన ఒక పెద్దావిడ ఆ పెళ్ళంతా వీడియో టేపులో రికార్డ్ చేసి, ఆదివారం మా అందరినీ లంచ్‌కి పిలిచింది. గుర్రాల బళ్ళు వెళ్తుంటే పక్కన నిలబడి, ఆడపెళ్ళివారి మనిషిలా అన్నీ వివరించింది.

"డ్యూక్‌ని చేసుకుంటే డచెస్ అయిపోతుంది. మొగుడికి 'సర్' బిరుదిస్తే పెళ్ళాం 'లేడీ'. చూడండి, ఈ పిల్ల చర్చిలోకి వెళ్ళింది ఒకలా, బయటికొచ్చేసరికి ప్రిన్సెస్!"

"ఆడమనిషికే సొంతంగా బిరుదుంటే మొగుడికేం వస్తుందండీ?" అన్నాను.

"ఏమీ రాదమ్మా. పుట్టింటి వారసత్వంగా కౌంటెస్ బిరుదు వచ్చినావిణ్ణి చేసుకున్నా ఆయన మామూలు మిస్టరే."

సోఫాల్లో మగవాళ్ళంతా గొల్లుమన్నారు. "వెరీ అన్‌ఫెయిర్ అండీ!" అన్నారు మా ఆయన గారె నములుతూ. ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

నా రిజల్ట్ మాత్రం రాలేదు. రోజూ పోస్ట్ వచ్చే వేళకి మెయిల్‌బాక్స్ దగ్గర కాపలా కాసేదాన్ని. "డాక్టర్" అని ఉన్న కవర్లూ, మందుల కంపెనీల బ్రోషర్లూ తెచ్చి ఆయన డెస్క్ మీద పెట్టి, నాకేం రాలేదని ఉసూరుమంటూ వంటింట్లోకి వెళ్ళేదాన్ని. నెల దాటాక ఉండబట్టలేక పరీక్షల ఆఫీస్‌కి ఫోన్ చేశాను. మూడు వారాల క్రితమే మెయిల్ చేశామంది అవతలి అమ్మాయి. కవరు మీద ఎలా రాశారో కూడా చదివి వినిపించింది. అడ్రస్ మాదే. పేరుకి ముందు "డాక్టర్" అని ఉందట.

ఫోన్ పెట్టేసి డెస్క్ దగ్గరికి పరిగెత్తాను. ఆయనకి అవన్నీ తెరిచి చూసే తీరిక ఎక్కడిది! బ్రోషర్ల కింద కవరు అలాగే ఉంది. డాక్టర్, పక్కన నా ఇనిషియల్, ఆ తర్వాత ఇంటిపేరు. దాన్ని అక్కడ పెట్టింది నేనే, నా ఈ చేతులతోనే. మా ఇంట్లో డాక్టరంటే ఎవరో అందరికంటే నాకే బాగా తెలుసు కదా! ఇన్నేళ్ళూ ఊరందరి మీదా కారాలు మిరియాలు నూరినదాన్ని, ఆ క్షణాన నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

కవరు చింపాను. పాసయ్యాను. అక్కడే నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

సంతోషం పట్టలేక లండన్ పెద్దావిడకి ఫోన్ చేశాను. "అదేంటమ్మా, నువ్వెప్పట్నుంచో డాక్టరమ్మవే కదా! మళ్ళీ ఈ ఎగ్జామ్ ఏంటి?" అందావిడ. రెండుసార్లు చెప్పి చూశాను. ఆ తర్వాత, వచ్చే ఆదివారం పులిహోర ఎంతమందికి చెయ్యాలో కనుక్కుని పెట్టేశాను.

మరుసటేడు ఒక హాస్పిటల్‌లో రెసిడెన్సీ ట్రైనింగ్‌లో చేరాను. మొదటి వారంలో ఒకరోజు నేను వార్డులో ఉండగా, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మా ఆయన హాస్పిటల్‌కి ఫోన్ చేశారు. పప్పుకి కుక్కర్ ఎన్ని విజిల్స్ రావాలో తెలియలేదట. ఆపరేటర్ ఒక గులాబీ రంగు చీటీ రాసి నా పేరున పెట్టింది. "డాక్టర్, మీ హస్బెండ్ ఫోన్ చేశారు" అని ఉంది. కింద ఆయన పేరు, దానికి ముందు మిస్టర్.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ముఖం ముడుచుకుని ఉన్నారు. "నేను డాక్టర్‌నని చెప్పినా వినదే! 'డాక్టర్ పేషెంట్ దగ్గర ఉన్నారు సర్, మెసేజ్ ఇస్తాను' అంటుంది."

"ఇంగ్లండ్‌లోనూ అంతేనట కదండీ," అన్నాను.

ఆయనకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నవ్వారు గాని, మనస్ఫూర్తిగా కాదు. పప్పు మాడింది. ఇద్దరం అదే తిన్నాం.

నా డిగ్రీలన్నీ ఆఫీసు గోడ మీద ఫ్రేముల్లో ఉన్నాయి. ఆ చీటీ మాత్రం ఇప్పటికీ నా పర్సులోనే ఉంది.