గేదె మర్చిపోయింది

మూడు నెలల తమ్ముడు జ్వరంతో పోయిన ఏడాదే మా గేదె దూడ కూడా పోయింది. తొంభైల్లో మాట. నేను మూడో తరగతి.

దూడ కళ్లముందు లేకపోతే గేదె చేపదు, పాలు దించదు. అందుకని నాన్నగారు దూడ తోలులో ఎండుగడ్డి కుక్కి కుట్టించి, పాకలో గేదె ముందు నిలబెట్టించారు. ఆ వెర్రిబాగుల్ది దాన్నే నాకి నాకి పాలిచ్చేది. నాకు ఆ పాలు తాగబుద్ధయ్యేది కాదు.

అమ్మేమో గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. జడ వేయమని దువ్వెన పట్టుకెళ్తే, నేనక్కడ లేనట్టే చూసేది. "ఏడిస్తే పోయినోడు తిరిగొస్తాడేంటే? ఉన్నదాని మొహం చూడవే!" అని నాయనమ్మ అరిచేది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ఆఖరికి కాకినాడ తీసుకెళ్తే డాక్టరుగారు బిళ్లలు రాశారు.

బిళ్లలతో అమ్మ లేచింది. లేచి తిన్నగా నా దగ్గరికి వస్తుందనుకున్నాను. పాకలోకి వెళ్లింది. గేదె పక్కన చతికిలబడి, "నీ దూడ కాదే అది, గడ్డి. నీకు తెలుసా, తెలీదా?" అంటోంది. అన్నాళ్ల తర్వాత అమ్మ గొంతు విన్నాను, అదీ గేదెతో! కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

కొన్నాళ్లకి గేదె తవుడు పెడితే చాలు, పాలిచ్చేసేది. గడ్డిదూడని తీసుకెళ్లి అవతల పారేస్తే తలెత్తి కూడా చూడలేదు. అంతకుముందు ఈతలో దాని కడుపునే పుట్టిన ఆడదూడ, ఎదిగిన పడ్డ, కుడితి దగ్గరకొస్తే, పరాయిదాన్ని తరిమినట్టు కొమ్ములతో కుమ్మేది. పాపం, ఆ పడ్డని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుండేది.

హైస్కూల్లో సైన్సు మాస్టారు, మనిషీ జంతువుల్లోంచే వచ్చాడని చెప్పారు. ఉండబట్టలేక లేచాను. "మరి గేదె మర్చిపోతుంది కదండీ మాస్టారూ. మనిషికి మంచం పట్టేంత దిగులు ఎందుకొచ్చిందండీ?"

"అది పరీక్షలో రాదమ్మా, కూర్చో."

"ఆయ్" అని కూర్చున్నాను. పరీక్షలో రానిదల్లా మా ఇంట్లో ఉంది మరి!

అమ్మ మెల్లగా మనుషుల్లో పడింది. వండింది, నవ్వింది, పేరంటాలకెళ్లింది. కానీ అప్పటికి నా జడ నేనే వేసుకోవడం నేర్చేసుకున్నాను. ఆవిడ చెయ్యి నా తల మీద పడాలని ఎంత ఉండేదో! అడగలేదు.

పెళ్లయ్యాక పురిటికి ఇంటికొచ్చాను. చంటిదాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ అమ్మ దాని పక్కనుంచి కదిలేది కాదు. ఆ భయం చూడలేక అనేశాను.

"గేదె నయమే అమ్మా. మర్చిపోయి హాయిగా నెమరేసుకుంది. ఆ బుద్ధి నీకూ ఉంటే ఎంత బావుండేది!"

అమ్మ చంటిదాని మీంచి చూపు తిప్పలేదు. "బావుండేదే. అది పడ్డని కుమ్మేది, చూశావుగా? అప్పుడు నిన్నూ అలాగే తరిమేసేదాన్నే."

అంటే ఆ పడ్డని అమ్మా చూసిందన్నమాట. దువ్వెన తెచ్చుకుని, ఆవిడకి వీపు పెట్టి కింద కూర్చున్నాను.

"పచ్చి బాలింతవి, కింద కూర్చుంటావేంటే?" అని కసురుతూనే అమ్మ నా తల చిక్కు తీయడం మొదలుపెట్టింది.