ఏటవతలామె చేతి కూడు

నా చిన్నప్పుడు నేనాడిన ఒక్క అబద్ధానికి ఒక మనిషికి రెండు ముందు పళ్ళు పోయాయి. ఇన్నేళ్ళలో ఈ సంగతి పిల్లలకు కూడా చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు, ఇంకేం లేదు.

మాది మాచర్ల దగ్గర, నాపరాళ్ళ క్వారీల పక్కన పల్లె. పల్లె అంటే ఊరు కాదు, ఊరికి అవతల మేముండే చోటు. అందరం చర్చికి పోయేవాళ్ళమే. మా పల్లెకూ చివరన, ఒక గుడిసెలో ఒకామె ఒంటరిగా ఉండేది. రాళ్ళు కొట్టడానికి మొగుడితో కృష్ణ దాటి వచ్చింది. క్వారీలో బండ విరిగి మీద పడి అతను పోయాడు, పిల్లల్లేరు. గుడిసెలో ఎల్లమ్మ పటం పెట్టుకునేది, చర్చి గడప తొక్కేది కాదు. పేరుతో ఎవరికీ పని పడలేదు, ఏటవతలామె అనేవాళ్ళు.

ఆ ఎండాకాలం మా పల్లెలో ఇద్దరు పసిపిల్లలు వాంతులు, విరేచనాలతో పోయారు. బావి నీళ్ళు చెడిపోయాయని ఎవరికీ తట్టలేదు. చేతబడి అన్నారు. సరిగ్గా ఆ వారమే నేను మా చిన్నాన్న కౌలు చేలో పచ్చి వేరుశనక్కాయలు దొంగతనంగా పీక్కుతిని, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాను. "ఏం తిన్నావే" అని చిన్నాన్న గద్దించేసరికి, నిజం చెబితే వీపు చిట్లుతుందని, ఏటవతలామె బెల్లం ముక్క పెట్టిందన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

చేతబడి చేసేవాళ్ళకు ముందు పళ్ళు ఊడగొడితే ఇక మంత్రం పలకదని మావాళ్ళ నమ్మకం. మర్నాడు బుధవారం, పట్టపగలు, ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి బండి చక్రానికి కట్టేశారు. కర్రలు, చెప్పులు, చేతికేది దొరికితే అది. ఆదివారం పాటలు పాడే నోళ్ళే వినలేని బూతులు తిట్టాయి. మా చిన్నాన్న ఆమె తల వెనక్కి వంచి పట్టుకుంటే, మా చర్చి సంఘ పెద్ద రాళ్ళు కొట్టే సుత్తి ఎత్తి మూతి మీద కొట్టాడు. నెత్తురు రవికంతా కారింది. "నేనేం జెయ్యలే బిడ్డా" అని ఆమె మా చిన్నాన్న మొహంలోకి చూసి అంటూనే ఉంది. అందరూ రాళ్ళు విసురుతుంటే నేనూ విసిరాను. అదెళ్ళి ఆమె మోకాలికి తగిలింది. తగిలినందుకు నాకు సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు.

మిరపకోతకు పోయిన మా నాయనమ్మకు ఎవరు చెప్పారో, పరిగెత్తుకుంటూ వచ్చి ఆ గుంపులోకి దూరింది. ఆమెకు పడాల్సిన తుమ్మకర్ర దెబ్బ నాయనమ్మ భుజం మీద పడింది. ముల్లు లోపలే విరిగిందని మాకప్పుడు తెలియదు. దెబ్బ తుడుచుకోనైనా లేదు, చిన్నాన్న చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఊళ్ళోవాళ్ళు మనల్ని బావి కాడికి రానియ్యకపోతే ఏడ్చుకుంటా బతికాం గదరా! ఇప్పుడు మనకీ ఒకళ్ళు దొరికారా కొట్టటానికి?"

"దీని చేతి ముక్క తినే నీ మనవరాలు చావబోయింది" అన్నాడు సంఘ పెద్ద. అందరూ నా వైపు చూశారు. నోరు తెరవడానికి అదే సమయం. తెరవలేదు.

నాయనమ్మ ఏటవతలామె గుడిసెలోకి పోయి జొన్న సంకటి చట్టి తెచ్చింది. ఆమె కట్లు విప్పి, ముందు కూర్చుని, "పెట్టవే నా నోట్లో" అంది. ఆమె ముద్ద చేసి పెట్టింది. ముద్దకు నెత్తురంటింది. నాయనమ్మ అట్లాగే తినేసింది, చట్టి ఖాళీ అయ్యేదాకా తింది. అప్పుడు సంఘ పెద్ద తీర్పు చెప్పాడు. ఆదివారం దాకా చూస్తారంట. ఈలోపు నాయనమ్మ మంచాన పడితే, ఏటవతలామెను గుడిసెతో సహా కిరసనాయిలు పోసి తగలబెడతారంట. నాయనమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని మా ఇంటికి తెచ్చేసింది.

శుక్రవారం తెల్లారేసరికి నాయనమ్మ ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. భుజం వాచిపోయింది. "నోరు తెరిచావంటే చీరేస్తా" అని నాకు చెప్పి, కుండెడు చన్నీళ్ళు నెత్తిన పోసుకుని, అప్పుడు తలుపు తీసింది. బావికి పోయింది. మిరపకోతకు కూడా పోయింది. చిన్నాన్న మూడుసార్లు వచ్చి మొహంలోకి తొంగి చూశాడు. "ఏందిరా ఆ చూపు, పెళ్ళిచూపులకొచ్చావా?" అంది. అతను పోగానే గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకునేది.

నేను మాత్రం నిజంగానే నమ్మేశాను. బెల్లం అబద్ధమని నాకు తెలుసు. అయినా సంకటిలో మంత్రముందనే అనుకున్నాను. భయమేస్తే బుద్ధి ఎటు పోతుందో మరి. ఆమెను తగలబెడితే మంత్రం దిగిపోయి మా నాయనమ్మ బతుకుతుందనుకుని, శనివారం మధ్యాహ్నం ఆ జ్వరం సంగతి చిన్నాన్నకు చెప్పేద్దామని బయల్దేరాను. పెరట్లో ఏటవతలామె వాచిన మూతితో కూర్చుని నాయనమ్మ భుజానికి పసుపు వేడిచేసి పెడుతోంది. ఏడుస్తోంది.

"మాచర్ల దవాఖానకు పో అవ్వా. నేను సచ్చినా అడిగేటోడు లేడు."

"నోర్మూసుకుని కట్టు కట్టు" అంది నాయనమ్మ.

చిన్నాన్న దగ్గరికి పోలేదు. అక్కడే కూలబడి వేరుశనక్కాయల సంగతి మొత్తం కక్కేశాను. నాయనమ్మ బాగున్న చేత్తో నా చెంప పగలగొట్టింది. నా జన్మలో ఆమె నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. పోయి అందరికీ చెప్పేస్తానంటే వద్దంది. "ఇప్పుడు చెప్తే, ఇదే మంత్రమేసి నీ చేత చెప్పిచ్చిందంటారు." ఏటవతలామె నన్ను చానాసేపు చూసింది. "రెండే పోయినయ్ తియ్యి బిడ్డా, ఇంక మస్తున్నయ్" అంది. అంత జ్వరంలోనూ నాయనమ్మ నవ్వింది. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆదివారం నాయనమ్మ తెల్లచీర కట్టుకుని, ఏటవతలామెను వెంటబెట్టుకుని చర్చికొచ్చి ఆడవాళ్ళ చాప మీద కూర్చోబెట్టింది. అందరూ చాప వదిలి జరిగారు. పాటకు లేచి నిలబడ్డాం. రెండో చరణానికి నాయనమ్మ ఊగిపోతోంది. సంఘ పెద్ద కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. పడిందంటే అయిపోయింది. అప్పుడు నాయనమ్మ మెల్లగా మోకాళ్ళ మీదికి జారి, నుదురు నేలకానించింది. నేను గబుక్కున పక్కన మోకరించి నా భుజం ఆమె కింద పెట్టాను. అవతల పక్క ఏటవతలామె పెట్టింది. ప్రార్థనకనుకున్నారో ఏమో, పాస్టరుగారు పాట ఆపేసి తానూ మోకరించారు. ఒకరి తర్వాత ఒకరు సంఘమంతా మోకరించింది. చిన్నాన్న బావురుమన్నాడు. ఆ బరువు కింద నా ఎముకలు విరిగిపోతాయనుకున్నాను, కానీ కదల్లేదు.

ఆమెన్ అన్నాక, ఇక ఆమె జోలికి ఎవరూ పోవద్దని సంఘ పెద్దే చెప్పాడు. సోమవారం మొదటి బస్సుకు నాయనమ్మను మాచర్ల ఆసుపత్రికి తీసుకుపోయాం. ముల్లు తీశారు, చీము తీశారు, ప్రాణం నిలిచింది. చెయ్యి మాత్రం మళ్ళీ పైకి లేవలేదు. నెలకు, కాస్త కోలుకున్నాక, నన్ను సంఘం ముందు నిలబెట్టి నిజం చెప్పించింది. చిన్నాన్న తంతాడనుకున్నా. తలొంచుకుని బయటికి పోయాడు. ఏటవతలామె మా పల్లెలోనే పోయింది, చాలా ఏళ్ళకు, ముసలిదై, ఆ ఎల్లమ్మ పటం పక్కనే.

ఆ రోజు ఏం ప్రార్థన చేశావని నాయనమ్మనొకసారి అడిగాను. "ప్రార్థనా నా మొహమా! పడనియ్యమాక దేవుడా, పడనియ్యమాక అని ఒకటే గోల" అంది.

ఇప్పుడు నాకూ మనవరాలుంది. వీధిలో నలుగురూ కలిసి ఒక ఇంటిని వెలేసినట్టు మాట్లాడితే, ఆ ఇంటికే పోయి కూర్చుని, ఇంత అన్నం పెట్టమ్మా అని అడుగుతాను. నేనేదో ధైర్యవంతురాలినని కాదు. భయంగానే ఉంటుంది. వాళ్ళు కంచం పెట్టే ముందు, ఈమె ఎందుకొచ్చిందా అని అనుమానంగా నా మొహంలోకి చూస్తారు. ఆ చూపును ఓర్చుకోవడమే కష్టం, అన్నం తినడం ఎంతసేపు.