నూనె మూత మీద బొట్టు

నా చిన్నప్పుడు మేము మెట్టుగూడలో ఉండేవాళ్లం. మా తాతయ్య ఒక నూలు మిల్లులో ఫిట్టరు. ఆగిపోయిన మిషన్లు విప్పి బాగుచేయడం ఆయన పని. పక్కింటి అక్క కూడా అదే మిల్లులో, చిన్న కండెల మీది నూలును పెద్ద కోన్లకు చుట్టే మిషన్ దగ్గర పనిచేసేది. తండ్రి లేడు. తల్లి మంచం పట్టింది. అక్కది ఇంకా టెంపరరీ ఉద్యోగమే. ఆ ఏడాది పర్మనెంటు చేస్తామని పెద్దసారు మాట ఇచ్చాడు. ఆ ఇంటి ఆశంతా ఆ ఒక్క మాట మీదే ఉండేది.

ఆయుధపూజ నాడు మాత్రం పిల్లలను మిల్లులోకి రానిచ్చేవారు. ఎవరి మిషన్‌ను వాళ్లు తుడిచి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవారు. అక్క వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. అలాగని అన్ని మిషన్ల మధ్య తనదొక్కటే బోసిగా ఉండడం ఆమెకు నచ్చలేదు. "నువ్వు పెట్టమ్మా, నీ చేత్తో" అని నన్ను పిలిచింది. అందరూ మిషన్ నుదుట పెడుతున్నారు. నాకేమో దాని నుదురెక్కడో తెలియలేదు. పక్కన చిన్న ఇత్తడి మూత మెరుస్తుంటే అదే ముఖమనుకున్నాను. పసుపు ముద్ద మెత్తి, మూతా దాని అంచూ కలిసిపోయేలా ఇంత కుంకుమ అదిమాను. చూసినవాళ్లు పగలబడి నవ్వారు. అది ఇరుసుకు నూనె పోసే మూతట. అక్క మాత్రం ఎవరినీ చెరపనివ్వలేదు.

నెల తిరిగింది. ఒకరోజు అక్క మిషన్ పొగ కక్కి బిగుసుకుపోయింది. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి, దూది పీచు తీయకుండా ముచ్చట్లు పెట్టుకుని మిషన్ కాల్చేసిందని అక్కను అందరి ముందూ తిట్టాడట. మిషన్‌కు వేలాడే కార్డు కూడా చూపించాడట. దాని మీద వారం వారం నూనె పోసినట్టు నాలుగు సంతకాలు, నాలుగూ ఆయనవే. కాగితం అంత ముచ్చటగా ఉంటే తప్పు మనిషిదే అవుతుంది కదా! మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు.

అక్క మా గుమ్మంలో కూర్చుని, "పీచు గంటగంటకూ తీశానండి తాతగారూ, దేవుడికి తెలుసు" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత వయసొచ్చినా అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పోయని నూనెకు సంతకం పెట్టినవాడు ఫ్యాను కింద కుర్చీలో ఉన్నాడు. నిలబడి నిలబడి కాళ్లు వాచిన మనిషి గుమ్మంలో ఏడుస్తోంది. ఇదెక్కడి న్యాయం?

మిషన్ విప్పమని తాతయ్యకు చెప్పారు. ఆయన దాన్ని ఒకసారి చూసి, విప్పకుండానే ఇంటికొచ్చాడు. "బొట్టు ఏడ పెట్టినవు బిడ్డా?" అని నన్ను అడిగాడు. నా బొట్టు వల్లే మిషన్ చెడిందేమోనని నేను ఏడుపు లంకించుకున్నాను. తాతయ్య నా కళ్లు తుడిచాడు. మర్నాడు పొద్దున్నే నన్ను చేయి పట్టుకుని మిల్లుకు తీసుకెళ్లాడు.

మిషన్ దగ్గరికి పెద్దసారును, సూపర్‌వైజరును పిలిపించాడు. నా బొట్టు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఎండి, గట్టిపడింది. చెరుగుతుందని అక్క దాన్నొక్కదాన్నీ తుడిచేది కాదు, అందుకే దాని మీద నెలరోజుల దూది నూగు దట్టంగా పేరుకుంది.

"దసరానాడు ఈ పోరి పెట్టిన బొట్టు సార్ ఇది. మూత తియ్యకుండ నాలుగుసార్లు నూనె ఎట్ల పోసిన్రో జెర చెప్పమనున్రి" అన్నాడు తాతయ్య.

"బొట్టేంది, గిట్టేంది? పరేషాన్ చెయ్యకు ముసలాయనా" అని సూపర్‌వైజరు విరుచుకుపడ్డాడు.

తాతయ్య పెద్దసారునే మూత తీయమన్నాడు. తీయగానే బొట్టు టపీమని రెండు ముక్కలైంది. లోపల వేలు పెట్టి చూస్తే తడి లేదు, తుప్పు అంటింది. "సంతకం పెడితే ఇరుసు తిరగది సార్. నూనె పోస్తె తిరుగుతది" అన్నాడు తాతయ్య.

ఆ మధ్యాహ్నమే మళ్లీ పనిలోకి రమ్మని అక్కకు కబురొచ్చింది. ఏడాది తిరక్కుండా ఉద్యోగం పర్మనెంటైంది కూడా. సూపర్‌వైజరు మాత్రం ఏదో చిన్న పొరపాటని నవ్వేసి ఊరుకున్నాడు. తప్పయిందమ్మా అన్న ఒక్క మాట ఆ నోట రాలేదు. అక్క మరిచిపోయిందేమో గానీ నేను మరవలేదు.

ఇప్పుడు మాది సైనిక్‌పురిలో నాలుగో అంతస్తు. మా లిఫ్టులోనూ ఒక కార్డు ఉంది, నెలనెలా సర్వీసు చేసినట్టు సంతకాలతో. మొన్న లిఫ్టు మధ్యలో ఆగిపోతే, వాచ్‌మన్ పిల్లలు బటన్లు పాడుచేశారని వాళ్లను తిట్టారు. మళ్లీ అదే కథ! నేను కుంకుమ భరిణె పట్టుకుని మేడ మీదికెక్కి, లిఫ్టు మోటారు గది తలుపుకూ చట్రానికీ కలిపి ఒక బొట్టు పెట్టి వచ్చాను.

నిన్న కార్డు మీద కొత్త సంతకం పడింది. వెంటనే మేడెక్కి చూశాను. బొట్టు చెక్కు చెదరలేదు. ఆదివారం అపార్ట్‌మెంటు మీటింగుకు వచ్చినవాళ్లందరినీ పైకి తీసుకెళ్తాను. మోకాళ్లు నొప్పి పెట్టినా సరే, ముందు నేనే ఎక్కుతాను. ఒక చేతిలో కార్డు, ఇంకో చేత్తో వాచ్‌మన్ చిన్నకూతురి చేయి పట్టుకుని.